నూటయాభైకి పదకొండు

మళ్లీ హీటర్ తగ్గించారా? మీకు ఉక్కగా ఉంటే ఆ కోటు గుండీలు విప్పుకోవాలి గానీ, నా కాళ్లు కొంకర్లు పోయేట్టు చేస్తే ఎట్లాగండీ! బయట ఎనిమిది డిగ్రీల ఫారన్‌హీట్, నీళ్లు గడ్డకట్టే చలి. పద్నాలుగేళ్లుగా ఈ నేపర్‌విల్ స్టేషన్ ముందు రోజూ పొద్దున్నే మిమ్మల్ని దింపుతున్నాను, ఇంత పాడు ఫిబ్రవరి ఎప్పుడూ చూళ్లేదు.

ఆగండాగండి, డోర్ తియ్యకండి. ఆ బోర్డు మీద పాతిక నిమిషాలు లేటని వేశాడు, కనపడట్లా? పట్టాల మీద మంచు తీస్తున్నారట. ప్లాట్‌ఫాం మీద నిలబడి మీరు చేసేదేముంది, ముక్కు కారడం తప్ప? కూర్చోండి. మీతో మాట్లాడాలి.

అదిగో, చూశారా! "మాట్లాడాలి" అనగానే ఫోన్ తీశారు. లోపల పెట్టండి. ఆ ఫోన్ గురించే నా గొడవంతా.

రాత్రి నుంచీ చూస్తున్నా, మీ ముఖంలో ఏదో వెలుగు. త్యాగం చేసినవాళ్ల ముఖం అట్లాగే ఉంటుంది కాబోలు. పొద్దున్నే లేచి పాలు మీరే కాచారు. నా కారు మీద మంచు మీరే దులిపారు. దులిపితే దులిపారు, పైగా ఈల వేశారు! విశ్వనాథం గారు ఈల వేయడం నేను మన పెళ్లైన ఇరవై రెండేళ్లలో విన్లేదు. కిటికీ దగ్గర నిలబడి అది చూడలేక కర్టెన్ లాగేశాను.

ఎందుకేమిటి? చెప్తాను, తొందరెందుకు, రైలు రావాలిగా.

నిన్న మధ్యాహ్నం యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. అడ్మిషన్ ఇచ్చారు. కమ్యూనిటీ కాలేజీలో నేను చేసిన క్లాసులన్నీ ఒప్పుకుని, సరాసరి థర్డ్ ఇయర్లోకి, మ్యాథ్స్ టీచింగ్‌లోకి. నలభై ఏళ్ల దమయంతికి! చదివి వినిపించగానే మీరు ఎగిరి గంతేస్తారనుకున్నా. మీరేం చేశారు? గరిటె పట్టుకుని వంటింటి మధ్యలో నిలబడి ఉపన్యాసం ఇచ్చారు. "నీ చదువు ఒకసారి నా వల్ల ఆగింది దమయంతీ. రెండోసారి ఆగనివ్వను. రేపు పదింటికి బాతెల్ వాళ్లకి ఫోన్ చేసి, ఆ ఉద్యోగం వద్దని చెప్పేస్తాను" అన్నారు. అన్నారా లేదా?

అది చాలనట్టు హంసికకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి మరీ చెప్పారు. అది అక్కడ కాలేజీ డార్మ్‌లో కూర్చుని, "నాన్నా, యూ ఆర్ సో స్వీట్! అమ్మ కోసం నువ్వు డ్రీమ్ జాబ్‌కి నో చెప్తున్నావ్" అని ఒకటే ఏడుపు. తండ్రీకూతుళ్లు చెరో వైపు ముక్కు చీదుకుంటుంటే, చారు పొంగుతోందని వంక పెట్టి నేను స్టవ్ వైపు తిరిగాను. చారేం పొంగలేదు.

కోపం కాదండీ. కోపమైతే తేలికగానే ఉండును.

ఆ బాతెల్ ఉద్యోగం మీకేమిటో నాకు తెలీదా? గుంటూరులో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చేసి, జన్మంతా ల్యాబ్‌లో గడుపుదామనుకున్న మనిషి. ఈ దేశం వచ్చి ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేస్‌లు చూసుకుంటూ కూర్చున్నారు. ఇప్పటికీ పాలు తోడుపెట్టేటప్పుడు గిన్నె మీదకి వంగి, లోపల ఏం జరుగుతోందో నాకు చెప్తారు. పెరుగు అయ్యేదాకా పడుకోరు. ఇన్నాళ్లకి సియాటిల్ పక్కన ఆ బాతెల్ ఊళ్లో, ల్యాబ్ మెషిన్లు తయారుచేసే వాళ్లు, సాఫ్ట్‌వేరూ ల్యాబూ రెండూ తెలిసిన మనిషి కావాలని మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు.

ఇంటర్వ్యూ నుంచి వచ్చిన రోజు ఎయిర్‌పోర్టు నుంచి ఇంటిదాకా నన్ను ఒక్క ముక్క మాట్లాడనిచ్చారా? "వాళ్లు నన్ను మైక్రోస్కోప్ దగ్గర కూర్చోపెట్టారు దమయంతీ" అని మూడుసార్లు చెప్పారు. మూడోసారి చెప్తున్నప్పుడు మన ఎగ్జిట్ దాటిపోయింది, ఇంకో నాలుగు మైళ్లు పోయి వెనక్కి తిప్పుకొచ్చాను. నేనేం విసుక్కోలేదు. మిమ్మల్ని అట్లా చూసి ఎన్నేళ్లయిందో అనుకున్నాను.

అది వదులుకుంటానంటున్నారు. ఎందుకట? నా చదువు మీ వల్ల ఆగిందట.

నేను నోరు మూసుకుంటే నాకే మంచిది, అది మీకూ తెలుసు. డోనా గీసిచ్చిన కాయితం ఫ్రిజ్ మీద ఉందిగా. అదే, మా కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి మారేవాళ్లకి దారి చెప్పే కౌన్సిలర్. ఇక్కడ రెండేళ్ల క్లాసులు, అక్కడ రెండేళ్ల క్లాసులు, ఏ సెమిస్టర్లో ఏది అని గళ్లు గీసి ఇచ్చింది కదా. ఆ కాయితం పట్టుకుని నాలుగేళ్లు నడిచాను. మొదట ఇంగ్లీషు క్లాసు, తర్వాత జీఈడీ పరీక్ష, తర్వాత సెమిస్టర్‌కి రెండేసి, మూడేసి. ఒక్కో గడి నింపినప్పుడల్లా హంసిక చిన్నప్పటి స్టిక్కర్లు అతికించాను. కాల్క్యులస్ గడికి ఏనుగు బొమ్మ అతికించాను, గుర్తుందా?

మంగళవారాలు నాకు సాయంత్రం క్లాసని మీరు చపాతీలు చేశారు. ఒక్కటీ గుండ్రంగా రాలేదనుకోండి. అయినా చేశారు.

వీరాంజనేయులు గారింట్లో పూజ రోజు, వాళ్లావిడ "కమ్యూనిటీ కాలేజీయా?" అని ముఖం ఒకలా పెట్టి, "కాలక్షేపానికి బాగుంటుందిలే" అంటే, అంతమందిలో మీరు ప్రసాదం గిన్నె కింద పెట్టి, "కాలక్షేపం కాదండీ, మా ఆవిడ టీచరవుతుంది" అన్నారు. గట్టిగా మాట్లాడ్డం చేతకాని మనిషి గట్టిగా అన్నారు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు దేనికో మీకు తెలీదు.

నేను చేసిన క్లాసులన్నీ ఈ స్టేట్‌లో యూనివర్సిటీ అయితేనే అట్లా సాఫీగా ఒప్పుకుంటారని డోనా ముందే చెప్పింది. బాతెల్ ఉన్న ఆ వాషింగ్టన్ స్టేట్‌కి పోతే సగం క్లాసులు చెల్లకపోవచ్చు, అక్కడ ఏడాది ఉంటే గానీ ఆ ఊరివాళ్ల కింద లెక్కేసి ఫీజు తగ్గించరు, మళ్లీ ఇంకో కాయితం, ఇంకో గళ్లు. మీరు ఇక్కడే ఉంటానంటే నాకు లాభమే కదా. ఈ పాతిక నిమిషాలూ రేడియో పెట్టుకుని కూర్చుంటే చాలు. అదే చేద్దామనుకున్నాను కూడా. మీ ఈల విన్నాక నా వల్ల కాలేదు.

ఉండండి, చెప్తున్నాగా. వరసలో చెప్పనివ్వండి, లేకపోతే మధ్యలో ధైర్యం పోతుంది.

అడ్మిషన్‌కి ఓ ఎస్సే రాయాలి కదా, మన గురించి మనం. నా మొదటి ఎస్సే మీరు చదివారు, అద్భుతం అన్నారు. అనరూ మరి! మొదటి పేరా మీరు. రెండో పేరా హంసిక. మూడోది మీ అమ్మగారి మోకాళ్ల ఆపరేషన్. నాలుగోది మళ్లీ మీరు. మనకి అట్లాగే కదండీ వచ్చు? మా ఇంట్లో ఆడపిల్ల తన సంగతి తను చెప్పుకుంటే డబ్బా కొట్టుకుంటోందనే వాళ్లు. ఎవరైనా "ఎట్లా ఉన్నావమ్మా?" అంటే, "మా ఆయనకి ప్రమోషన్ వచ్చిందండీ" అని జవాబు చెప్తాం.

డోనా దాన్ని రెండుసార్లు చదివింది. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. "దమయంతీ, మీ ఆయన చాలా మంచివారిలా ఉన్నారు. కానీ కాలేజీకి అప్లై చేసేది ఆయన కాదు కదా" అంది. "ఇందులో నువ్వెక్కడ?" అని కూడా అడిగింది. నేను నిజంగానే కాయితంలో వెతికాను. ఒకచోట ఉన్నాను, మీ అమ్మగారికి కాఫీ ఇస్తూ.

నవ్వకండి. ఆ గదిలోంచి బయటకొచ్చేసరికి నా చెవులు కాలిపోతున్నాయి.

రెండో ఎస్సే మీకు చూపించలేదు. పాపం అడిగారు మీరు. ల్యాప్‌టాప్‌లో వైరస్ వచ్చి ఫైల్ తెరుచుకోవడం లేదన్నాను. మీరు ఆదివారం పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా కూర్చుని, లేని వైరస్‌ని వెతికారు. మధ్యలో నేను పకోడీలు వేసిచ్చాను. పకోడీలు తింటూ వెతికారు.

ఆ ఎస్సేలో ఏముందో ఇప్పుడు చెప్తాను. మీరు పదింటికి ఫోన్ చేసేలోగా తెలియాలి.

మన పెళ్లైన కొత్తలో, ఒంగోలులో మీ ఇంట్లో, మీ అక్కయ్య రాజేశ్వరమ్మ వదిన చిక్కుడుకాయలు తుంచుతూ, "ఎంతవరకు చదువుకున్నావే?" అని అడిగింది. "ఇంటర్ అయిపోయింది వదినా. డిగ్రీలో చేరదామనుకునేలోపు పెళ్లి కుదిరింది" అన్నాను. అంతే, చిన్న ముక్క. మీరు వరండాలో పేపర్ చదువుకుంటున్నారు. తలెత్తి నా వంక చూశారు. బస్సులో ఎవరి కాలో తొక్కినవాళ్లు చూస్తారే, అట్లా చూశారు. ఈయన దగ్గర ఈ మాట పనిచేస్తుందని నాకు ఆ పూటే తెలిసిపోయింది.

పనిచేసింది కూడానూ! మీరు పెళ్లిరోజు మర్చిపోతే, "చదువే పోయింది, పెళ్లిరోజుదేముంది" అన్నాను. హంసికని ఈత క్లాసుకి తీసుకెళ్లడానికి మీరు బద్ధకిస్తే అదే మాట. గిన్నెలు కడగాల్సొస్తే అదే మాట. ఆ ఎర్ర సోఫా కొన్న రోజు గుర్తుందా? మీకు బ్రౌన్ రంగుది నచ్చింది. నేనేమన్నాను? ఏమీ అనలేదు. ఒక్క నిట్టూర్పు విడిచి, "మా క్లాస్‌మేట్ ఒకావిడ లెక్చరరైందట" అన్నాను. ఇంటికి ఎర్రది వచ్చింది.

ఇప్పుడు నిజం చెప్తాను. మీరు నా వంక చూడకండి, ఎదురుగా చూడండి, ఆ మంచు తీసేవాళ్లని చూడండి.

నేను ఇంటర్ పాస్ కాలేదండీ.

ఎదురుగా చూడమన్నానా!

తెనాలిలో, జూన్ మొదటి వారం. పేపర్లో నంబర్లు పడ్డాయి. నాన్న నా హాల్ టికెట్ పక్కన పెట్టుకుని, వేలుపెట్టి వెతికారు. ఫస్ట్ క్లాసులో లేదు, సెకండ్‌లో లేదు, థర్డ్‌లో లేదు. మళ్లీ మొదటి నుంచి వెతికారు. "ప్రెస్సువాళ్లు వెయ్యడం మర్చిపోయారేమోనమ్మా" అన్నారు. నాకు పరీక్ష హాల్లోనే తెలుసు. మూడు గంటల పేపర్‌కి రెండున్నర గంటలు కిటికీలోంచి సైకిల్ స్టాండు చూస్తూ కూర్చున్నాను. మిగతావన్నీ పాసే. లెక్కల్లో పోయింది. రెండు పేపర్లూ కలిపి నూటయాభైకి. ఎన్నొచ్చాయో మాత్రం అడక్కండి.

సరే, అడగలేదు మీరు. అయినా చెప్తాను. పదకొండు.

ఆఁ, పదకొండు. నూటయాభైకి.

ఏమిటా శబ్దం? దగ్గొచ్చిందా, నవ్వొచ్చిందా? నవ్వొస్తే నవ్వండి, ఆపుకుంటే ఆ మఫ్లర్లో ఊపిరాడదు. నవ్వండి. కానీ ఇంకా ఉంది.

మీ సంబంధం ఆగస్టులో కదా వచ్చింది? నా చదువు జూన్‌లోనే ఆగిపోయింది. సప్లిమెంటరీ కట్టమని నాన్న బతిమాలారు. మళ్లీ ఆ హాల్లో కూర్చోవడం నా వల్ల కాదని, నేనే కట్టనన్నాను. అప్పుడు మీరొచ్చారు. పెళ్లిచూపుల్లో మీరు తల వంచుకుని, శబ్దం రాకుండా జంతిక తినడానికి తంటాలు పడుతుంటే, నన్ను పరీక్ష నుంచి కాపాడ్డానికి దేవుడు పంపిన మనిషి ఈయనే అనుకున్నాను. నిజంగానండీ. మీరు నా చదువు ఆపలేదు. నాకు పరీక్ష తప్పించారు.

దానికి మీకు దండేసి దణ్ణం పెట్టాల్సింది. నేనేం చేశాను? ఇరవై రెండేళ్లు గిన్నెలు కడిగించాను.

అది కూడా చాలదు, ఇంకా వినండి. పెళ్లైన ఆరు నెలలకి మీరు ప్రైవేటుగా డిగ్రీ కట్టడానికి అప్లికేషన్ తెచ్చిచ్చారు. "ఇంట్లోనే కూర్చుని చదువుకో, నేను చెప్తాను" అన్నారు. "అత్తయ్యగారికి ఒంట్లో బాగుండట్లేదు, పనెవరు చేస్తారండీ, నా చదువుకేం తొందర" అన్నాను. మీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎంత మంచి పిల్ల దొరికిందని మీ ఫ్రెండ్స్‌కి చెప్పుకున్నారట. ఆ అప్లికేషన్‌కి ఇంటర్ మార్కుల లిస్టు జతచెయ్యాలండీ! అదీ సంగతి. అత్తయ్యగారు ఆ టైములో శుభ్రంగా ఉన్నారు, ఊరగాయలు పెట్టారు.

ఇక్కడ కాలేజీలో చేరేటప్పుడు ఇండియా నుంచి సర్టిఫికెట్లు తెప్పిస్తానన్నారు. తెనాలిలో మా ఇంట్లోకి వాననీళ్లొచ్చి తడిసిపోయాయన్నాను. మేం ఉండేది రెండో అంతస్తులో. మీకు తెలుసు, ఎన్నిసార్లో ఆ మెట్లెక్కారు. అయినా నమ్మారు! "పోనీలే, ఇంటర్‌కి బదులు ఇక్కడి జీఈడీ రాద్దువుగాని" అని పుస్తకం కొనుక్కొచ్చారు. ఇంత నమ్మే మనిషికి అబద్ధం చెప్పడం ఎంత కష్టమో మీకేం తెలుసు. అసలు కష్టపడాల్సిన పనే లేదు, అదే కష్టం.

ఒక్కటి మాత్రం నవ్వుతూ చెప్పలేను.

నాన్న మన దగ్గరికి వచ్చారు కదా, రెండువేల ఆరులో. ఓ రోజు భోజనాల దగ్గర మీరు, మర్యాదగానే, "మావయ్యగారూ, మీరు కొంచెం తొందరపడ్డారు. ఇంకో మూడేళ్లు ఆగితే దమయంతి డిగ్రీ చేసుండేది" అన్నారు. నాన్న నా వంక చూశారు. నేను పెరుగు గిన్నెలోకి చూశాను. ఆయన రెండు ముద్దలు తిని, "అవును బాబూ, నాదే తప్పు" అన్నారు. చెయ్యి కడుక్కుని లేచారు. మరుసటేడు పోయారు. ఆ తప్పు ఆయనది కాదని ఆయన ఉండగా ఒక్కసారి అంటే నా సొమ్మేం పోయేది? ఇన్ని క్లాసులు పాసయ్యాను, ఆ ఒక్కదాంట్లో మాత్రం...

టిష్యూలెక్కడున్నాయి? ఆఁ, ఇటివ్వండి. అయిపోయింది, ఏడవట్లేదు. ఈ చలికి కళ్లు కూడా నీళ్లు కారతాయి.

ఇంకెవరికీ చెప్పలేదా అంటే, చెప్పానండీ, అదే మీకు కోపం తెప్పిస్తుందేమోనని నా భయం. మా కాలేజీలో మ్యాథ్ ల్యాబ్ ఉంది కదా, నేను ట్యూటర్‌గా కూర్చునేది. అక్కడికి రే అని ఓ ట్రక్ డ్రైవర్ వస్తాడు. యాభై దాటాయి. ఇంత పొడుగు, ఇంత గడ్డం. భిన్నాలు కూడాలంటే పసిపిల్లాడిలా బెంబేలెత్తిపోతాడు. ఓ రోజు పెన్సిల్ విసిరేసి, "నీకేమమ్మా, మీ ఇండియన్స్‌కి లెక్కలు పుట్టుకతో వస్తాయి" అన్నాడు. నాకు ఒకటే నవ్వు. "రే, నాకెన్నొచ్చాయో తెలుసా?" అని చెప్పేశాను. ఎట్లా వచ్చిందో తెలీదు, నోట్లోంచి వచ్చేసింది. అతను నమ్మలేదు. ఒట్టేశాను. వంగి పెన్సిల్ తీసుకున్నాడు.

అప్పట్నుంచీ ఆ ల్యాబ్‌లో ఎవరు ఏడుపు ముఖం పెట్టినా, రే వాళ్లని చెయ్యి పట్టుకుని నా బల్ల దగ్గరికి తీసుకొస్తాడు. "ఈవిడకి నూటయాభైకి పదకొండు. ఇప్పుడు కాల్క్యులస్ చేస్తుంది. నువ్వు కూర్చో" అంటాడు. నేనో ఎగ్జిబిషన్‌లా నవ్వుతూ కూర్చుంటాను. కూర్చున్నవాళ్లు మళ్లీ లేచి వెళ్లిపోరు, అది మాత్రం చూశాను. అక్కడే తెలిసింది నాకు, నేను చెయ్యాల్సిన పని ఇదేనని. లెక్కలు వచ్చినవాళ్లకి ఎవరైనా చెప్తారు. రానివాళ్ల పక్కన కూర్చోడానికి నాలాంటిది కావాలి.

అదే రాశాను ఎస్సేలో. ఫెయిలయ్యానని రాశాను, ఆ ఫెయిల్‌ని మంచి మనిషి నెత్తిన రుద్దానని రాశాను, నాన్న సంగతి రాశాను. డోనా చదివి, ఈసారి కళ్లజోడు తుడుచుకోలేదు, కళ్లు తుడుచుకుంది. అంటే చూడండి, మ్యాథ్ ల్యాబ్ మొత్తానికి తెలుసు. డోనాకి తెలుసు. యూనివర్సిటీలో నేనెప్పుడూ చూడని ఎవరో ఆఫీసు వాళ్లకి తెలుసు. మీకొక్కరికే తెలీదు.

ఎందుకు చెప్పలేదంటారా? ఆ మాట వదిలేస్తే మీ దగ్గర నేను ఏ మొహంతో ఏదైనా అడగగలనో నాకు తెలీలేదు. నాకు అడగడం రాదండీ. నేరం మోపడం వచ్చు, నిట్టూర్చడం వచ్చు. "నాకిది కావాలి" అనడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు, మీ ఇంట్లోనూ నేర్పలేదు.

ఏమిటి? అబ్బ, ఎందుకండీ ఆ చెయ్యి, గ్లవ్స్ తడిగా ఉన్నాయి. సరే, పట్టుకోండి.

అదిగో గేటు గంట కొడుతోంది. వచ్చేస్తోంది. మీ బ్యాగు వెనక సీట్లో ఉంది. లంచ్ డబ్బా అందులోనే పెట్టాను, వంకాయ కూర. మూత సరిగ్గా పెట్టాను లెండి, కారదు.

ఆగండి, ఇంకొక్క ముక్క, లైటు ఇంకా దూరంగానే ఉంది.

నా చదువు ఆపినందుకు మాత్రం ఆ ఫోన్ చెయ్యకండి. మీరు ఆపలేదు. ఆ మాట మనసులోంచి తీసేసి, అప్పుడు ఆలోచించుకోండి. మైక్రోస్కోప్ దగ్గర కూర్చోవాలనిపిస్తే కూర్చోండి.

అదొకటి. రెండోది... నవ్వకుండా వినండి. నాకు ఆ యూనివర్సిటీకి వెళ్లాలని ఉంది. చాలా ఉంది. కిందటి నెల క్యాంపస్ చూడ్డానికి వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గరి అమ్మాయి, "పేరెంట్స్ అంతా ఆ హాల్లోకండీ" అని చెయ్యి చూపించింది. నేను కదలకుండా, "నేను స్టూడెంట్‌నమ్మా" అన్నాను. అట్లా అన్నప్పుడు నాకు ఎంత బాగుందో మీకు చెప్పలేదు. అది నాకు కావాలండీ. మీ వల్ల పోయింది కాబట్టి కాదు. ఊరికే, నాకు కావాలి కాబట్టి. రెండేళ్లు ఇక్కడే ఉందామా? మీరు కాదనొచ్చు. ఇన్నేళ్లలో మీకు కాదనే వీలు లేకుండానే అన్నీ అడిగాను, ఇదొక్కటే వీలున్నట్టు అడుగుతున్నాను. సరిగ్గా అడిగానో లేదో కూడా తెలీట్లేదు.

ఇప్పుడేం చెప్పకండి. సాయంత్రం చెప్దురుగాని. దిగండి, దిగండి, తలుపులు మూసేస్తాడు. మెల్లిగా, ఐసుంది అక్కడ! మఫ్లర్ లోపలికి దోపుకోండి.

వెళ్తున్నారు చూడు. ఆ నడకేమిటి, భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారా, ఏడుస్తున్నారా? మనిషి వెనకనుంచి చూస్తే తెలిసి చావదు కదా.

ఏమండీ! ఏమండీ, ఇటు! అద్దం దించాను, వినపడుతోందా?

బాతెల్‌కే పోదామన్నా నాకేం నష్టం లేదు లెండి! అప్పుడు నా చదువు నిజంగానే మీ వల్ల ఆగినట్టవుతుంది. ఇక జన్మంతా ఆ మాట అబద్ధం లేకుండా అంటాను!